పంతులమ్మకూ పరీక్షే

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర నిలబడి తల ఎత్తి చూడండి. ఎటు చూసినా కోచింగు సెంటర్ల బోర్డులే. కంప్యూటర్ కోర్సులు, బ్యాంకు పరీక్షలు. వాటి నడుమ టెట్, డీఎస్సీ అనే మాటలు కూడా ఉంటాయి. కూడబలుక్కుని చదవగలం. మరి అర్థం? పిల్లల్ని బడికి పంపే ప్రతి తల్లికీ ఈ మాటలతో పని ఉంది.

తనకు లెక్కలు రావడం వేరు. ఆరేళ్ల పిల్లకు తీసివేతలు అర్థమయ్యేలా చెప్పడం వేరు. అందుకే టీచర్లకు శిక్షణ పెట్టారు. ఇంటర్ అయ్యాక చదివేది డీఎడ్. డిగ్రీ అయ్యాక చదివేది బీఎడ్. ఐదో తరగతి లోపు పిల్లలకు చెప్పాలంటే బీఎడ్ చాలదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. దానికి డీఎడ్ వంటి శిక్షణే కావాలి. చిన్నపిల్లలకు చెప్పడమే కష్టం మరి!

శిక్షణ అయ్యాక టెట్ రాయాలి. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. దాని ప్రకారం 2010లో ఈ పరీక్ష పెట్టారు. సర్కారు బడి అయినా, ప్రైవేటు బడి అయినా ఎనిమిదో తరగతి దాకా చెప్పేవారికి ఇది ఉండాలి. ప్రశ్నలు 150, మార్కులు 150. తెలంగాణలో ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు 60 మార్కులు రావాలి. ఒకసారి పాసైతే ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది.

టెట్ పాసైతే ఉద్యోగం వచ్చినట్టు కాదు. సర్కారు కొలువుకు డీఎస్సీ అని మరో పరీక్ష ఉంది. అది ఏటా రాదు. 2024లో తెలంగాణలో 11,062 పోస్టులకు డీఎస్సీ పెట్టారు. దాని కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినవారు ఎందరో.

ఎదురుచూసే ఏళ్లలో ఇల్లు గడిచేదెలా? చాలామంది ప్రైవేటు బడుల్లో చేరతారు. అమీర్‌పేట, పంజాగుట్ట గల్లీల్లో అలాంటి బడులున్నాయి. పొద్దంతా నిలబడే పని. సాయంత్రం దిద్దడానికి నోటుపుస్తకాల కట్ట ఇంటికి మోసుకెళ్లాలి. జీతం మాత్రం సర్కారు టీచరు జీతంలో చిన్న ముక్క. వేసవి సెలవుల్లో అదీ ఇవ్వని బడులున్నాయి.

తల్లి మాత్రం నాలుగిళ్లలో అంట్లు తోమి ఫీజు కడుతూనే ఉంది. ఆ డబ్బు ఎటు పోతోంది? దీనికి ఒక లెక్క రాసి ఉంది. 1994 జనవరి 1న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకటో నంబరు జీవో ఇచ్చింది. జీవో అంటే ప్రభుత్వ ఉత్తర్వు. ఫీజుగా వచ్చిన ప్రతి 100 రూపాయల్లో 50 జీతాలకు పోవాలి. 15 రూపాయలు పీఎఫ్, గ్రాట్యుటీ వంటి వాటికి. యజమానికి 5 రూపాయలే. మిగతాది బడి ఖర్చులకు, బాగుకు. కాగితం మీద చక్కగానే ఉంది. అమలే కరువు.

కరోనా వచ్చినప్పుడు ఇది బయటపడింది. 2020 మార్చిలో బడులు మూశారు. ఎందరో ప్రైవేటు టీచర్లకు జీతం ఆగింది. కొందరు కూరగాయలు అమ్మారు, కొందరు కూలికి పోయారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. చదువు చెప్పే చేతులు రేషన్ షాపు ముందు సంచి పట్టుకున్నాయి.

గ్రాట్యుటీ సంగతీ తెలుసుకోవాలి. ఒకేచోట ఐదేళ్లు చేసి మానితే, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున వచ్చే సొమ్ము అది. టీచర్లకు అది రాదని 2004లో సుప్రీంకోర్టు అంది. 2009లో పార్లమెంటు చట్టాన్ని మార్చింది. బడుల యజమానులు ఒప్పుకోలేదు, కోర్టుకెక్కారు. 2022 ఆగస్టులో తీర్పు టీచర్ల వైపే వచ్చింది. అయితే నియామక కాగితం చేతిలో లేకపోతే ఆ సొమ్ము రాబట్టడం కష్టం.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు మరో మాట చెప్పింది. ఇప్పటికే పనిచేస్తున్న టీచర్లూ టెట్ పాస్ కావాలి. రిటైర్ కావడానికి ఐదేళ్లకు మించి ఉన్నవారికి రెండేళ్లు గడువు. మైనారిటీ బడుల సంగతి పెద్ద బెంచికి వదిలారు. ఇరవై ఏళ్లు పాఠం చెప్పినవారు కూడా మళ్లీ పుస్తకం పట్టాల్సి వచ్చింది. పెద్ద వయసులో పలక పట్టినవారికి ఆ గుండెదడ తెలిసిందే.

బడి మీటింగుకు వెళ్లినప్పుడు రెండు సంగతులు అడగవచ్చు. మా పిల్లకు చెప్పే టీచరుకు డీఎడ్, టెట్ ఉన్నాయా? మేం కట్టే ఫీజులో ఆమె జీతానికి ఎంత పోతోంది? రెండోది టీచరును కాదు, యజమానిని అడగాలి.