నెల లెక్క, సంవత్సరపు లెక్క

పంచాయతీ జమాఖర్చులు ఇప్పుడు నగదు పుస్తకములోనే గాక కంప్యూటరు తెరపైనను కనబడుచున్నవి. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖవారు ఇందుకై 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామస్వరాజ్‌ను ప్రారంభించిరి. అయితే ఒకే లెక్క నెలవారీగా చూచిన ఒక తీరున, సంవత్సరవారీగా చూచిన మరొక తీరున తోచును.

బాల్కొండ ప్రాంతపు రైతులకు ఇది క్రొత్త సంగతి కాదు. చక్కెర సంవత్సరము అక్టోబరు 1న మొదలగును. 2015లో మూతపడిన బోధను కర్మాగారమునకు చెరకు తోలినవారు దానిని ఎరుగుదురు. జూన్‌లో నాటిన పసుపు జనవరి దాటినగాని నిజామాబాదు మార్కెటు యార్డు చేరదు. పంచాయతీ లెక్కకు మాత్రము సంవత్సరము ఏప్రిల్ 1 నుండి మార్చి 31 వరకు. కావున 2025 ఫిబ్రవరిలో వసూలైన ఇంటిపన్ను 2024-25 లెక్కలోనే చూడవలెను.

ఉదాహరణకు ఒక పంచాయతీకి సెప్టెంబరులో వచ్చినది 8 వేలు, వేతనములకు, దీపములకు అయినది 40 వేలు అనుకొందము. ఆ నెల పుట మాత్రమే చూచిన సభ్యుడు, పారిశుద్ధ్య కార్మికుల వేతనము ఆపవలెనని ప్రతిపాదింపవచ్చును. ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు గల లెక్క తెరచినచో వసూలు 1 లక్ష. నిరుడు ఇదే ఆరు నెలలలో 90 వేలే. అయినను మార్చి నాటికి 5 లక్షలు దాటినది. అనగా ఈ ఏడు వసూలు తగ్గలేదు, పెరిగినది. ఆరు నెలల వసూలును నిరుటి పూర్తి సంవత్సరముతో పోల్చుట వట్టి పొరపాటు.

అట్లని సంవత్సరపు మొత్తమును చూచి నిశ్చింతగా ఉండరాదు. వేతనము చెల్లించునది చేతిలోని నిల్వనుండియే గదా! ఏప్రిల్ 1న ప్రారంభ నిల్వ 1 లక్షా 80 వేలు. ఆరు నెలల ఖర్చు 2 లక్షల 40 వేలు. సెప్టెంబరు ముగింపు నిల్వ 40 వేలు. అక్టోబరు వేతనమునకు కొదువ లేదు. నవంబరునకు చాలదు. ఈ కొరత సంవత్సరపు పుటలో ఎంత వెదకినను కనబడదు, నెలల పుటలోనే తెలియును.

ఆర్థిక సంఘపు విడత జమయైన నెలలో నిల్వ ఒక్కసారిగా ఉబ్బును. 15వ ఆర్థిక సంఘము 2021-26 కాలమునకు ఇచ్చిన నిధులలో 60 శాతము త్రాగునీరు, పారిశుద్ధ్యములకే కేటాయింపబడినది; ఆ నిల్వనంతను చేతిలోని సొమ్ముగా ఎంచరాదు.

పై పంచాయతీ అక్టోబరు సమావేశమున చేయదగినది వేతనము ఆపుట కాదు. పంటతో నిమిత్తము లేని దుకాణదారులనుండి, ఉద్యోగులనుండి పన్ను ముందుగా రాబట్టి, అత్యవసరము కాని కొనుగోళ్ళను పసుపు అమ్మకముల వరకు వాయిదా వేయవచ్చును.