పాత స్పోర్ట్స్ కారు, కొత్త స్పోర్ట్స్ కారు: ఊరి రోడ్డు మీద ఏది మాట వింటుంది?

భిలాయిలోని వైశాలి నగర్ నుంచి జీఈ రోడ్డు ఎక్కే కారుకు దారి ఎప్పుడూ ఖాళీగా దొరకదు. ఉక్కు మోసే లారీలు, ఆటోలు, షిఫ్టు డ్యూటీకి వెళ్లే మోటారు సైకిళ్లు, ఉన్నట్టుండి అడ్డం వచ్చే ఆవులు, అన్నీ ఆ రోడ్డు మీదే ఉంటాయి. ఉక్కు కర్మాగారంలో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ దృశ్యం కొత్తేమీ కాదు. ఇలాంటి రోడ్డు మీదికి 60 ఏళ్ల నాటి స్పోర్ట్స్ కారు ఒకటి, నేటి స్పోర్ట్స్ కారు ఒకటి వచ్చాయనుకోండి. రెండింటిలో ఏది బాగా నడుస్తుంది?

రేసు ట్రాకు మీదైతే జవాబు తేలిక. కొత్తదే గెలుస్తుంది. ఊరి రోడ్డు మీద మాత్రం ఈ ప్రశ్నకు జవాబు టైర్ల దగ్గర మొదలై డ్రైవరు మెదడు దగ్గర ముగుస్తుంది.

అరవై ఏళ్లలో ఏం మారింది?

ఒకే పేరుతో 1964 నుంచి నేటివరకు తయారవుతున్న పోర్షా 911 కారు ఈ పోలికకు చక్కని ఉదాహరణ. తొలి 911 బరువు సుమారు 1,080 కిలోలు, ఇంజిన్ శక్తి 130 హార్స్‌పవర్, వెడల్పు 1.61 మీటర్లు. టైర్ల వెడల్పు 165 మిల్లీమీటర్లు మాత్రమే. నేడు మన దేశంలో చాలా కుటుంబాల కార్లకు ఉండే టైర్లు అంతకంటే వెడల్పుగానే ఉంటాయి.

2019లో వచ్చిన 911 కరేరా బరువు సుమారు 1,505 కిలోలు, శక్తి 385 హార్స్‌పవర్, వెడల్పు 1.85 మీటర్లు. వెనక టైర్ల వెడల్పు 295 మిల్లీమీటర్లు. శక్తి దాదాపు మూడు రెట్లయింది. రోడ్డు వరుస వెడల్పు మాత్రం మారలేదు. మన దేశంలో ప్రామాణిక వరుస 3.5 మీటర్లు. దాని మధ్యలో పాత కారు వెళితే ఇరువైపులా సుమారు 94 సెంటీమీటర్ల చొప్పున ఖాళీ మిగులుతుంది. కొత్త కారుకు మిగిలేది 82 సెంటీమీటర్లే. పక్కనుంచి సైకిలు వెళుతున్నప్పుడు ఆ 12 సెంటీమీటర్లు కూడా లెక్కే.

పట్టు ఎక్కడి నుంచి వస్తుంది?

కారు మలుపు తిరగాలంటే దాన్ని మలుపు లోపలి వైపుకు లాగే బలం కావాలి. ఆ బలాన్ని ఇచ్చేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న ఘర్షణ ఒక్కటే. నాలుగు టైర్లూ నేలను తాకే చోటు ఒక్కొక్కటి అరచేయి కంటే కాస్త పెద్దది, అంతే. కారు ఎంత ఖరీదైనదైనా దాని భారమంతా ఆ నాలుగు ముక్కల మీదే.

ఘర్షణ బలం తాకే వైశాల్యం మీద ఆధారపడదని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అయితే రబ్బరు ఆ నియమానికి పూర్తిగా లోబడదు. దాని మీద ఒత్తిడి పెరిగేకొద్దీ ఘర్షణ గుణకం కొంత తగ్గుతుంది. వెడల్పు టైరులో బరువు ఎక్కువ చోటుకు పంచబడుతుంది కాబట్టి పట్టు పెరుగుతుంది. నేటి టైర్లలో వాడే రబ్బరు మిశ్రమాలు కూడా మెరుగైనవే.

ఒక లెక్క చూడండి. మలుపు వ్యాసార్ధం 50 మీటర్లు, రోడ్డు పొడిగా ఉంది. పాత కారు టైర్ల ఘర్షణ గుణకం 0.7, కొత్త కారుది 1.0 అనుకుంటే, పాత కారు గంటకు సుమారు 67 కిలోమీటర్ల దగ్గర జారుతుంది. కొత్తది 80 వరకు తట్టుకుంటుంది. బరువు ఈ లెక్కలో కొట్టివేయబడుతుంది. మిగిలేది వేగం, మలుపు, ఘర్షణ.

ఇప్పుడు రెండు కార్లూ అదే మలుపులో 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లాయనుకోండి. పాత కారు తన పట్టులో 81 శాతం వాడేసుకుంటుంది. కారు ఒక పక్కకు ఒరుగుతుంది, టైర్లు మూలుగుతాయి, స్టీరింగ్ బరువెక్కుతుంది. కొత్త కారు వాడేది 57 శాతమే. అందులో కూర్చున్నవారికి ఏమీ జరుగుతున్నట్టే అనిపించదు.

స్టీరింగ్ చెప్పే కబురు

మలుపులో టైరు తాను చూస్తున్న దిక్కుకూ, నిజంగా కదులుతున్న దిక్కుకూ మధ్య చిన్న కోణం ఏర్పడుతుంది. దీన్ని జారుడు కోణం అనవచ్చు. అప్పుడు పుట్టే పక్కబలం టైరు తాకే చోటుకు సరిగ్గా మధ్యలో కాక, కొంచెం వెనక పనిచేస్తుంది. ఆ చిన్న దూరం మీటకోలలా పనిచేసి చక్రాన్ని తిరిగి తిన్నగా చేయాలని చూస్తుంది. మలుపులో స్టీరింగ్ బిగిసినట్టు చేతికి తెలిసేది ఇందువల్లే.

వేగం ఇంకా పెరిగితే, తాకే చోటు వెనక భాగం ముందుగా జారడం మొదలవుతుంది. అప్పుడు పక్కబలం పనిచేసే బిందువు ముందుకు జరుగుతుంది, మీటకోల పొట్టిదవుతుంది, స్టీరింగ్ తేలికవుతుంది. ఇది టైరు పూర్తిగా పట్టు కోల్పోవడానికి కాస్త ముందే జరుగుతుంది. అంటే ప్రమాదం రాకముందే చేతికి అందే హెచ్చరిక ఇది.

పవర్ స్టీరింగ్ లేని పాత కారులో ఈ హెచ్చరిక కడ్డీల గుండా నేరుగా చేతికి చేరేది. తర్వాత నూనె ఒత్తిడితో పనిచేసే స్టీరింగ్ వచ్చింది. 1988లో సుజుకి సెర్వో కారుతో విద్యుత్ మోటారు సాయం చేసే స్టీరింగ్ మొదలైంది. 911లో అది 2011లో చేరింది. నూనె పంపు ఎప్పుడూ తిరుగుతూ ఇంధనం తింటుంది. మోటారు అవసరమైనప్పుడే పనిచేస్తుంది కాబట్టి ఇంధనం ఆదా అవుతుంది. అయితే గతుకుల అదురును వడగట్టే క్రమంలో ఆ సన్నని కబురు కూడా కొంత వడపోతకు గురవుతుంది. పాత కార్ల అభిమానులు స్టీరింగ్‌లో జీవం లేదని అనడానికి వెనకున్న కారణం ఇదే.

తోక తిప్పే పాత కారు

కబురు బాగా చెప్పినంత మాత్రాన పాత కారు సాధువని కాదు. తొలి 911లో ఇంజిన్ వెనక ఇరుసుకు కూడా వెనకాల ఉండేది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే, కారు నెమ్మదించి భారం ముందు చక్రాల మీదికి మారుతుంది. వెనక టైర్ల మీద ఒత్తిడి తగ్గి వాటి పట్టు సడలుతుంది. వెనకున్న బరువైన ఇంజిన్ జడత్వం వల్ల బయటికి దూసుకుపోతుంది, కారు గిర్రున తిరుగుతుంది. మామూలు మనిషికి సహజంగా తోచే పనే ఇక్కడ ప్రమాదం తెస్తుంది.

దీన్ని సరిచేయడానికి ఇంజినీర్లు ఒక దశలో ముందు బంపరు రెండు చివర్లలో ఒక్కొక్కటి సుమారు 11 కిలోల ఇనుప దిమ్మెలు పెట్టారు. 1969 మోడల్‌లో ముందు, వెనక ఇరుసుల మధ్య దూరాన్ని 57 మిల్లీమీటర్లు పెంచారు.

నేటి కారులో ఈ పని కంప్యూటరు చేస్తుంది. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌తో వచ్చింది. 1995లో ఎలక్ట్రానిక్ స్థిరత్వ నియంత్రణ వచ్చింది. డ్రైవరు స్టీరింగ్ ఎటు తిప్పాడో, కారు నిజంగా ఎటు తిరుగుతోందో ఇది ఎప్పటికప్పుడు పోల్చి చూస్తుంది. రెండింటికీ పొంతన కుదరకపోతే తగిన ఒక్క చక్రానికి మాత్రమే బ్రేకు వేసి కారును దారిలోకి తెస్తుంది. ఏ మనిషీ నాలుగు చక్రాలకు విడివిడిగా బ్రేకు వేయలేడు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి.

ఉక్కు బలం వేరు, బిగువు వేరు

1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన భిలాయి కర్మాగారం ముఖ్యంగా రైలు పట్టాలకు, మందపాటి ప్లేట్లకు పేరుపొందింది. కార్లకు కావలసిన పలుచని రేకు వేరే రకం. అయినా ఉక్కు ఊరివారికి ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది.

నేటి కార్లలో వాడే అత్యంత బలమైన ఉక్కు, పాత కార్ల మెత్తటి ఉక్కు కంటే ఎన్నో రెట్ల భారం తట్టుకుంటుంది. కానీ కొద్దిపాటి భారానికి ఎంత వంగుతుందన్నది చూస్తే రెండూ దాదాపు సమానమే. ఉక్కు స్థితిస్థాపక గుణకం ఏ రకంలోనైనా సుమారు 200 గిగాపాస్కల్స్ దగ్గరే ఉంటుంది. మరి కొత్త కారు ఒళ్లు మెలితిరగకుండా బిగువుగా ఎలా ఉంటుంది? అది పెట్టెలాంటి అడ్డుకోతలు, మెరుగైన అతుకులు, బలమైన జిగురుల వల్ల వచ్చిన గుణం. ఒళ్లు బిగువుగా ఉంటే గతుకును మింగే పని స్ప్రింగులు, డాంపర్లే చేస్తాయి. వదులుగా ఉంటే ఒళ్లు కూడా ఒక స్ప్రింగులా ఊగి, చక్రాల కోణాలను చెదరగొడుతుంది. బలమైన ఉక్కు ఉపయోగం ప్రధానంగా ఢీకొన్నప్పుడు లోపలివారిని కాపాడటంలో ఉంది.

స్పీడ్ బ్రేకరు, వాన నీళ్లు

స్పోర్ట్స్ కార్ల అడుగు నేలకు చాలా దగ్గరగా ఉంటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 మార్గదర్శకాల ప్రకారం, 25 కిలోమీటర్ల వేగంతో దాటాల్సిన స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో, 17 మీటర్ల వ్యాసార్ధం గల వంపులా ఉండాలి. ఇరుసుల మధ్య దూరం 2.45 మీటర్లున్న కొత్త 911 దాని నడిమికి వచ్చినప్పుడు వంపు కారు అడుగు వైపు లేచేది 4.4 సెంటీమీటర్లే. అదే 10 సెంటీమీటర్ల ఎత్తును అర మీటరు వెడల్పులో కుదించి కడితే, రెండు ఇరుసుల మధ్య మొత్తం 10 సెంటీమీటర్లూ పైకి లేస్తాయి. అడుగు గీసుకుపోవడానికి తరచూ కారణం ఎత్తు కాదు, ఆకారం.

వానాకాలంలో లెక్క మళ్లీ మారుతుంది. తడిలో ఘర్షణ గుణకం 0.4కు పడితే, ఇందాకటి మలుపులో జారే వేగం ఏ కారుకైనా 50 కిలోమీటర్లే. నీరు నిలిచిన చోట వెడల్పు టైరు కింద ఎక్కువ నీరు పక్కకు తప్పుకోవాలి. టైరు గాళ్లు అరిగి ఉంటే నీరు దారి దొరక్క టైరునే పైకి లేపుతుంది. అప్పుడు కారు నీటి మీద తేలుతుంది. కంప్యూటరు బ్రేకు వేయాలన్నా నేల తగలాలి కదా!

మనిషి మాత్రం మారలేదు

ప్రమాదాన్ని చూసి బ్రేకు నొక్కడానికి డ్రైవరుకు సుమారు ఒకటిన్నర సెకను పడుతుందనుకోండి. 60 కిలోమీటర్ల వేగంలో ఆ లోపే కారు 25 మీటర్లు వెళ్లిపోతుంది. పొడి రోడ్డు మీద బ్రేకు పడ్డాక పాత కారుకు మరో 20 మీటర్లు కావాలి, మొత్తం 45. కొత్త కారుకు 14 చాలు, మొత్తం 39. ఆధునిక ఇంజినీరింగ్ ఇచ్చిన లాభం ఆరు మీటర్లు.

ఇప్పుడు కొత్త కారు డ్రైవరుకు పాత కారులోని సరదా కావాలనిపించిందనుకోండి. అదే మలుపులో తన కారు పట్టులో 81 శాతం వాడాలంటే అతను 72 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలి. ఆ వేగంలో ఆగడానికి పట్టే దూరం, స్పందన సమయంతో కలిపి, సుమారు 50 మీటర్లు. పాత కారు కంటే ఐదు మీటర్లు ఎక్కువ! ఆరు మీటర్ల లాభం పోయి, నష్టం మిగిలింది. బరువు, వేగం రెండూ పెరగడంతో ఢీకొంటే వెలువడే గతిజ శక్తి పాత కారుకు రెట్టింపవుతుంది.

ఇది ఊహ మాత్రమే కాదు. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో 1980లలో కొన్ని టాక్సీలకు ఏబీఎస్ అమర్చి, కొన్నింటికి అమర్చకుండా పరిశీలించారు. ప్రమాదాల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఏబీఎస్ ఉన్నవారు కొంత దూకుడుగా నడిపినట్టు తేలింది. యంత్రం ఇచ్చిన భద్రతను మనిషి వేగంగా మార్చుకున్నాడన్న మాట.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున మామూలు రోడ్ల మీదే ఫార్ములా-ఇ రేసు జరిగింది. అయితే రోడ్లు మూసి, గోడలు కట్టి, ఎదురు వాహనం లేకుండా చేశాకే కార్లు పరుగెత్తాయి. వైశాలి నగర్ రోడ్డుకు ఆ గోడలు లేవు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వాటికి అతివేగమే ప్రధాన కారణమని కేంద్ర రవాణా శాఖ నివేదిక తెలిపింది.

ఎవరికి ఏ జాగ్రత్త?

పాత కారు ఉన్నవారు ముందుగా టైరు వయసు చూడాలి. గాళ్లు లోతుగా కనిపిస్తున్నా ఏళ్లు గడిచిన రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. టైరు పక్కన ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. ఉదాహరణకు 2319 అంటే 2019లో 23వ వారం. మలుపులోకి దిగకముందే వేగం తగ్గించాలి, మధ్యలో కాదు.

కొత్త కారు ఉన్నవారు తమ ఒంటికి తెలిసే వేగాన్ని నమ్మకూడదు. నిశ్శబ్దంగా, నిలకడగా సాగే కారులో స్పీడోమీటరే నమ్మకమైన సాక్షి. స్థిరత్వ నియంత్రణను ఊరి రోడ్డు మీద ఆపేయకూడదు.

పాత కారు తన హద్దును ముందే చెబుతుంది, కానీ ఆ హద్దు దగ్గరలోనే ఉంటుంది. కొత్త కారు హద్దు దూరంగా ఉంటుంది, కానీ అది వచ్చేదాకా మౌనంగా ఉంటుంది. ఇంజినీర్లు ఇచ్చిన ఆ ఆరు మీటర్లను వేగంగా ఖర్చు చేయవచ్చు, లేదా బంతి వెంట రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చే పిల్లవాడి కోసం దాచి ఉంచవచ్చు. ఆ నిర్ణయం ఇప్పటికీ డ్రైవరుదే.