జీతపు లెక్కలో చేరని పద్దులు

గతమాసమున మా పుట్టినింట నొక చిన్న సభ జరిగినది. మా చెల్లెలు అమెరికాలో వాషింగ్టను రాష్ట్రమున సియాటిల్ నగరమునకు సమీపమున కాపురముండును. ఆమె భర్త అచ్చట కంప్యూటరు ఇంజనీరు. ఆయన పనిచేయు కంపెనీవారు, కెనడా దేశములో వాంకూవరు నగరమునగల తమ శాఖకు మారుట కిష్టమా యని అడిగినారు. చేయవలసిన పని యదియే. జీతము మాత్రము తక్కువ. నెల ముగియులోపల బదులు చెప్పవలెను. ఈ సంగతి ఫోనులో వినగానే మా పెదనాన్నగారు కాగితము తీసి, డాలర్లను రూపాయలలోనికి మార్చి, కూడి, తీసివేసి, "మూడవవంతుకు మించి పోవుచున్నది. ఎక్కువ వచ్చుచోటు విడిచి తక్కువ వచ్చుచోటికి పోవువాడు లోకములో గలడా?" అని తీర్పు చెప్పివేసిరి. మా అమ్మ యూరకుండెను. నాటి రాత్రి చెల్లెలు నాకు వేరుగా ఫోనుచేసి, "అక్కా, పెదనాన్నగారి లెక్కలో నేనెక్కడ నున్నాను?" అని యడిగినది.

ఆ ప్రశ్నయే యీ వ్యాసమునకు కారణము. మా నాయనగారి పాదములకడ కూర్చుండి భారత భాగవతములు చదివినదానను గాని నాకు కంప్యూటరు విద్య తెలియదు. అయినను పదునాలుగేండ్లుగా నొక బడిపంతులుగారి జీతముతో సంసారము నడుపుచున్నదానను గనుక పద్దులు వ్రాయుట తెలియును. మావారి సాయముతో ఉభయదేశముల ప్రభుత్వములవారు ప్రకటించిన నిబంధనలను నెలదినములు చదివితిని. తెలిసికొన్నది మీ ముందుంచుచున్నాను. మన పిల్లల నా దేశముల కంపుచున్న తల్లులకు ఇది పనికిరాకపోదు.

రెండు నగరములు

సియాటిల్, వాంకూవరు నగరములు రెండును పడమటి సముద్రతీరమున నున్నవి. నడుమ దూరము సుమారు 230 కిలోమీటర్లు. కారులో మూడు గంటల ప్రయాణము. అదే వాన, అదే చలి. సరిహద్దున శాంతి తోరణమను తెల్లని ద్వారమొకటి గలదు. 1921లో నిర్మింపబడిన యా తోరణపు కాలొకటి అమెరికాలోను, రెండవది కెనడాలోను నిలిచియున్నవి. మైక్రోసాఫ్టు కంపెనీవారు 2007లో వాంకూవరు చెంత నొక శాఖను తెరచునపుడు, అమెరికా వలసచట్టముల యిరుకున చిక్కిన నిపుణుల నచ్చట నుంచుకొనుటయు నొక యుద్దేశమని తామే చెప్పిరి. నాటినుండి పని యొక్కటే గాని జీతము వేరు, చట్టము వేరు అయిన కుటుంబములు ఆ తోరణమున కిరువైపుల నెన్నియో యున్నవి.

జీతము

మొదట పెదనాన్నగారి పక్షము చెప్పెదను. అమెరికా కార్మికగణాంక శాఖవారి లెక్కప్రకారము 2024లో ఆ దేశపు సాఫ్టువేరు ఇంజనీర్ల నడిమివరుస జీతము సంవత్సరమునకు 1,30,000 డాలర్లకు పైమాటయే. కెనడాలో నడిమివరుస సుమారు లక్ష డాలర్లు. అవియు కెనడా డాలర్లు. ఆ డాలరు అమెరికా డాలరులో ముప్పాతికకు సరిరాదు. పైగా వాషింగ్టను రాష్ట్రమువారు జీతముపై పన్ను తీసికొనరు. కేంద్రప్రభుత్వపు పన్ను మాత్రమే. వాంకూవరున్న బ్రిటిషు కొలంబియా రాష్ట్రమువారు కేంద్రపు పన్నుకు తోడు తమ పన్నునుగూడ తీసికొందురు. వాంకూవరులో ఇంటి అద్దెలు చౌక యనుకొనుటకును వీలులేదు. కావున చేతికివచ్చు సొమ్మే చూచుకొన్నచో వాదమక్కరలేదు, అమెరికాయే మేలు.

పనిగంటలలోనైన భేదము గలదా యని చూచితిని. అందును పెద్దగా లేదు. అమెరికా చట్టము తగినంత జీతముగల కంప్యూటరు ఉద్యోగులకు అదనపు గంటలకు అదనపు కూలి యియ్యనక్కరలేదనుచున్నది. బ్రిటిషు కొలంబియా చట్టమును వారిని పనిగంటల నిబంధననుండి తప్పించినది. అర్ధరాత్రి ఫోను మ్రోగిన ఇంజనీరు ఉభయత్ర లేవవలసినదే.

ప్రవరుని పాదలేపము

మనుచరిత్రములో ప్రవరుని కథ మీ రెరుగుదురు. సిద్ధుడిచ్చిన పాదలేపముతో అతడు హిమాలయమునకు ఎగిరిపోయెను. మంచులో లేపము కరగిపోగా ఇల్లు చేరు దారి తోచక దిక్కులు చూచెను. హెచ్-వన్-బి యను అమెరికా అనుమతిపత్రమునుగూర్చి చదువుచున్నపుడు నాకా కథయే జ్ఞప్తికి వచ్చినది.

ఆ పత్రము 1990నాటి చట్టమున పుట్టినది. ఏటేట కొత్తగా 65,000 మందికిని, అమెరికాలో పైచదువు చదివినవారు మరి 20,000 మందికిని ఇత్తురు. మొదట మూడేండ్లు, మొత్తము ఆరేండ్లు. అది ఉద్యోగమును అంటిపెట్టుకొనియుండును. ఉద్యోగము పోయినచో 2017నుండి అమలులోనున్న నిబంధన ప్రకారము హెచ్చుగా 60 దినముల గడువు. ఆలోపల వేరొక కంపెనీ చేరదీయవలెను. లేదా మరియొక తరగతి అనుమతికి అర్జీ పెట్టుకొనవలెను. ఏదియు కుదరనిచో ఇల్లు, కారు, పిల్లల బడి విడిచి బయలుదేరవలెను. 2022 నవంబరులో మెటావారు 11,000 మందిని, 2023 జనవరిలో గూగులువారు 12,000 మందిని, మైక్రోసాఫ్టువారు 10,000 మందిని తొలగించినపుడు ఎన్ని తెలుగిండ్లలో కేలెండరుమీద దినములు కొట్టివేసికొనిరో! 2025 సెప్టెంబరులో, దేశమువెలుపల నున్నవారికై పెట్టు కొత్త అర్జీలకు లక్ష డాలర్లు చెల్లింపవలెనని అధ్యక్షుని ప్రకటన వెలువడుటతో తోవ మరింత ఇరుకైనది.

శాశ్వతనివాసము గలదుగదా యందురా? ఉద్యోగముమూలమున నిచ్చు శాశ్వతనివాసములు సంవత్సరమునకు సుమారు 1,40,000. అందును ఏ యొక్క దేశములో పుట్టినవారికిని నూటికి ఏడుకు మించి యియ్యరాదన్నది సామాన్యనియమము. భారతీయుల వరుస దశాబ్దమును మించి సాగియున్నది. వరుసలో నుండగానే బిడ్డకు 21 ఏండ్లు నిండినచో, ఆ బిడ్డ తల్లిదండ్రుల వరుసనుండి తప్పిపోవుటయు కలదు.

కెనడాలోను మొదట నిచ్చు అనుమతిపత్రము తరచుగా కంపెనీని అంటిపెట్టుకొనియే యుండును. ఈ మాట దాచరాదు. కాని 2015లో ఏర్పడిన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ యను పద్ధతిలో వయస్సు, చదువు, భాష, అనుభవము - వీనికి మార్కులు వేసి, మనిషి తనంతట తాను శాశ్వతనివాసమునకు అర్జీ పెట్టుకొనవచ్చును. పుట్టిన దేశమునుబట్టి వరుస లేదు. ఈ మధ్య పోటీ హెచ్చి మార్కులు చాలక నిరాశపడినవారును గలరు. అయినను దక్కినచో, ఐదేండ్లలో 1,095 దినము లా దేశమున నివసించినవారు పౌరసత్వమునకు అర్జీ పెట్టవచ్చును. 2023 జూనులో కెనడావారు అమెరికా హెచ్-వన్-బి పత్రము గలవారికై 10,000 అర్జీలవరకు తీసికొందుమని ప్రకటింపగా, తెరచిన మరునాటికే యవి నిండిపోయినవి. ఎక్కువ జీతముగల చోటనున్నవారే తక్కువ జీతముగల చోటి వాకిట అట్లు గుమిగూడిరనగా, వారి లెక్కలో జీతముగాక మరియేదియో పద్దుండవలెను గదా!

ఇల్లాలి పద్దు

ఆ పద్దులలో మొదటిది మా చెల్లెలు.

ఆమె బి.టెక్. చదివి హైదరాబాదులో నాలుగేండ్లు ఉద్యోగము చేసినది. వివాహానంతరము హెచ్-ఫోర్ అను పత్రముపై భర్తవెంట వెళ్లినది. అది భార్యగా నివసించుటకు అనుమతియే గాని పనిచేయుటకు కాదు. 2015 మేనెలనుండి కొందరు భార్యలకు పనిచేయు హక్కు కలిగినది గాని, భర్త శాశ్వతనివాసపు తొలి అర్జీ ఆమోదింపబడియుండుట మొదలైన నియమములు గలవు. మా మరదికి ఆ యర్జీని కంపెనీవారింకను పెట్టనేలేదు. కావున నాలుగేండ్లుగా చెల్లెలింటనే యున్నది. పాపకు రెండేండ్లు. "పాపను పెంచుట నాకు బరువు కాదక్కా. ఏ కాగితమునందు చూచినను నాకు పేరు లేదు, ఫలానివాని భార్య యనియే యున్నది" అని యొకనాడు చెప్పి, వెంటనే మాట మార్చినది.

ఇది చిన్నవారికే కలిగిన కష్టము కాదు. మన హైదరాబాదున పెరిగి నేడు మైక్రోసాఫ్టు కధిపతియైన సత్య నాదెళ్లగారు తమ గ్రంథమున నొక సంగతి వ్రాసికొనిరి. 1994లో వారికి శాశ్వతనివాసపత్రము చేతనుండెను. కాని నాటి చట్టము ప్రకారము శాశ్వతనివాసి భార్య యేండ్లతరబడి వేచియుండవలెను. తాత్కాలికోద్యోగి భార్యయో వెంట రావచ్చును. భార్యను తోడితెచ్చుకొనుటకై వారు చేతనున్న శాశ్వతపత్రమును తిరిగి యిచ్చివేసి హెచ్-వన్-బి తీసికొనిరట. నాడు చూచినవారందరు వెర్రి యనుకొనియుందురు.

కెనడాలో ఇంజనీరువంటి పైతరగతి ఉద్యోగి భార్యకు, ఏ కంపెనీలోనైనను పనిచేయగల అనుమతిపత్రము లభించును. 2025 జనవరినుండి ఈ సదుపాయమును చాల తరగతులకు తగ్గించిరి గాని, భర్త అనుమతికి తగినంత గడువు మిగిలియున్నచో ఇంజనీర్ల భార్యలకు నిలిచియేయున్నది.

ప్రసూతి, వైద్యము, ముదిమి

అమెరికాలో 1993నాటి చట్టము ప్రకారము ప్రసూతికి 12 వారముల సెలవు, జీతము లేదు. అదియు 50 మందికి తక్కువకాని కంపెనీలో సంవత్సరము పనిచేసినవారికే. వాషింగ్టను రాష్ట్రమువారు 2020నుండి తమ నిధినుండి సెలవుకాలమున కొంత సొమ్మిచ్చుచున్నారు. అన్ని రాష్ట్రములవా రట్లు చేయరు. కెనడాలో 600 గంటలు పనిచేసి భీమా చెల్లించిన తల్లికి 15 వారములు, పిమ్మట తల్లిదండ్రులు పంచుకొనుటకు 40 వారములు, ఒక పరిమితివరకు జీతములో నూటికి 55 వంతులు లభించును. బిడ్డల పోషణకై ప్రభుత్వమిచ్చు నెలసరి సొమ్ము సామాన్యముగా తల్లిపేరనే వచ్చును. తాత్కాలికముగా వచ్చినవారు 18 నెలలు నివసించిన పిమ్మటనే దాని నడుగవచ్చును. ఆదాయము హెచ్చినకొలది అది తరుగును.

వైద్యమునకు అమెరికాలో కంపెనీ భీమాయే ఆధారము. ఉద్యోగము పోయిన పిమ్మట దానిని నిలుపుకొనదలచినచో ఖర్చంతయు తామే భరింపవలెను. కెనడాలో వైద్యుని దర్శనము, ఆసుపత్రి రాష్ట్రప్రభుత్వపు బాధ్యత. బ్రిటిషు కొలంబియాలో 2020నుండి చందాయు లేదు. కాని చేరిన నెలగాక మరి రెండు నెలలు ఆగవలెను. దంతవైద్యము, ఇంటివద్ద వాడుకొను మందులు చాలవరకు వేరు ఖర్చు. కుటుంబవైద్యుడు దొరకుట కష్టము. పెద్ద వైద్యునికై నెలలు వేచియుండుటయు గలదు. ఈ పద్దులో ఎవరికి మేలో ఆయింటి ఆరోగ్యమే చెప్పవలెను.

తొలగింపు విషయమున, బ్రిటిషు కొలంబియాలో సంవత్సరము నిండినవానికి రెండు వారముల నోటీసుగాని జీతముగాని చట్టమే యిప్పించును. సేవనుబట్టి అది ఎనిమిది వారములవరకు పెరుగును. అమెరికాలో పెద్దసంఖ్యలో తొలగించునపుడుదక్క సామాన్యముగా ముందు చెప్పవలెనన్న చట్టము లేదు.

వార్ధక్యపు పద్దును పెద్దలెవ్వరును తలవరు. అమెరికాలో జీతమునుండి నూటికి 6.2 వంతులు పింఛను నిధికి పోవును. పదేండ్ల చెల్లింపు నిండనివారికి ఆ పింఛను రాదు. మన దేశముతో అందునుగూర్చిన ఒడంబడికయు లేదు. కెనడాతో 2015 ఆగస్టునుండి గలదు. అచ్చటి సేవాకాలమును ఇచ్చటి సేవాకాలముతో కలిపి చూతురు.

తేలిన లెక్క

మరల పెదనాన్నగారి కాగితమునకు వత్తును. ఆయన ఒక జీతమును ఒక జీతముతో పోల్చిరి. పోల్చవలసినది అమెరికాలోని యొక జీతమును, కెనడాలోని రెండు జీతములతో. నాలుగేండ్లు విడిచిన పనిలో చెల్లెలికి వెంటనే చోటు దొరకునని నేను చెప్పజాలను, దొరకకపోవచ్చును. కాని వెదకుకొను హక్కున్న నిరుద్యోగమునకును, హక్కులేని తీరికకును భేదము లేదా?

ఎల్లరును కెనడాకు పోవలయునని నా మతము కాదు. ఒంటరివాడై, నాలుగేండ్లు ధనము కూర్చుకొని స్వదేశమునకు మరలదలచినవానికి అమెరికాయే లాభము. తొలి అర్జీ ఆమోదింపబడి వరుసలో చాలదూరము నడచినవారు తొందరపడి మరలుట తగదు. ఇంటింటి లెక్క వేరు. పద్దులన్నియు వ్రాసి, పిమ్మట కూడవలెనన్నదే నా మనవి.

ఆ ఆదివారము ఈ సంగతులన్నియు పెదనాన్నగారికి చదివి వినిపించితిని. ఆయన కళ్లజోడు తీసి, "ఇవి యెవరు చెప్పిరి నాకు?" అనిరి. అపుడు వంటయింటి గడపకడ నిలుచున్న మా అమ్మ తొలిసారిగా నోరు విప్పినది. "దాని చదువుకు నా చేతిగాజులు తాకట్టు పెట్టితిమి బావగారూ. ఆ పద్దుకూడ వ్రాయుడు" అన్నది. పెదనాన్నగారు మరి మాటాడలేదు. కాగితముమీద క్రింద నొక గీత గీసి, చెల్లెలి పేరు తమ చేతితో వ్రాసిరి.

వారు పోవుటకే నిశ్చయించుకొనిరి. ముందేమగునో దైవమెరుగును.

సోదరీమణులారా! విదేశమున నున్న వరునికి బిడ్డ నిచ్చునపుడు జీతమెంత యని మాత్రమే యడిగి యూరకుండకుడు. ఉద్యోగము పోయిన నెన్ని దినములు నిలువవచ్చునో, మా బిడ్డ పనిచేయుటకు చట్టము సమ్మతించునో లేదో, శాశ్వతనివాసపు అర్జీ యేమెట్టున నున్నదో - ఈ మూడును అడుగుడు. అడుగుట మర్యాదకు లోపము కాదు. అడుగనందున మన బిడ్డ యేండ్లతరబడి వెల చెల్లింపవలసివచ్చును.