ద్రవ్య మొక్కటి, పాకములు వేఱు



బెల్లము వండువారు పాకముయొక్క మహిమ నెఱుగుదురు. చెఱకురస మొక్కటియే. కాగుట చాలకున్న నది గట్టిపడదు. మితిమీఱిన మాడి చేదగును. పంచదారపాకమును కదల్పక మెల్లగా చల్లార్చిన కలకండ పలుకులు గట్టును. కలియబెట్టుచు త్వరగా చల్లార్చిన పొడియై రాలును. ద్రవ్యమున భేదము లేదు, సంస్కారముననే భేదము. ఈ న్యాయము ప్లాస్టిక్కు పొరలయందును, వాని విద్యుద్గుణములయందును ఎట్లు వర్తించునో నేడు విన్నవించెదను.

ప్లాస్టిక్కులు పాలిమరు లను జాతిలోనివి. చిన్న అణువులు వేలకొలదిగా గొలుసువలె గూడి యేర్పడిన పెద్ద అణువునకు పాలిమరని పేరు. ఇవి మనుష్యులు చేసినవే యనుకొనరాదు. ఒంటిమిట్టకు చేరువనున్న మాధవరమున నేతగాండ్రు నేయు పట్టును పాలిమరే. పురుగు కడుపులో నది చిక్కని ద్రవము. పురుగు తల నూపుచు దానిని లాగునపుడు గొలుసులు వరుసదీఱి, స్ఫటికములు గట్టి, దృఢమైన దారమగును.

ఇక విద్యుత్తు మాట. పలుగురాతి జాతి స్ఫటికమును నొక్కిన విద్యుదావేశము పుట్టునని 1880లో ఫ్రాన్సు దేశమున క్యూరీ సోదరులు కనుగొనిరి. పట్టుదారమునందును ఈ గుణము స్వల్పముగా గలదని 1956లో జపాను శాస్త్రజ్ఞుడు ఫుకాడా ప్రకటించెను. 1969లో ఆ దేశమువాడే యైన కవాయి, పాలివినైలిడీన్ ఫ్లోరైడను ప్లాస్టిక్కు పొరలో ఈ శక్తి మిక్కిలి హెచ్చుగా నుండునని చూపెను. ఒకే బలముతో నొక్కిన, పలుగురాతి స్ఫటికముకంటె సుమారు పదిరెట్లు ఆవేశ మా పొర యిచ్చును. అయితే కరగించి పోసిన పొర యూరక యీ శక్తి నీయదు. దానికి సంస్కారములు జరుగవలెను.

ఏల యనగా, ఆ గొలుసులో నొక కర్బన పరమాణువునకు రెండు ఉదజని పరమాణువులును, తరువాతిదానికి రెండు ఫ్లోరిన్ పరమాణువులును తగులుకొని యుండును. ఫ్లోరిన్ వైపు ఋణావేశమును, ఉదజని వైపు ధనావేశమును ఉండును. కరగిన ప్లాస్టిక్కు సామాన్యముగా చల్లారినపుడు గొలుసులు మెలిదిరిగి, ప్రక్కప్రక్కవి ఎదురెదురుగా నిలిచి, ఒండొంటి బలమును హరించుకొనును. దీనికి ఆల్ఫా అవస్థ యని పేరు. రథోత్సవమున సగముమంది తూర్పునకును, సగముమంది పడమటికిని త్రాళ్ళు లాగినచో రథము కదలునా? బలము లేక కాదు, ఏకముఖము గాక.

మొదటి సంస్కారము సాగదీయుట. పొరను సుమారు 80 డిగ్రీల వేడిమిలో నాలుగైదు రెట్లు సాగదీసిన, మెలికలు విడి, గొలుసులు తిన్ననై, ఫ్లోరినులన్నియు గొలుసున కొకే ప్రక్కకు వచ్చును. ఇది బీటా అవస్థ. వేడిమి మిక్కిలి హెచ్చైనచో గొలుసులు జాఱి, మార్పు కొఱవడును.

రెండవ సంస్కారము దిశ నొసగుట. సాగిన పొరలో నొక్కొక్క గుంపు ఒక్కొక్క దిక్కు చూచుచుండును. వెండ్రుక మందము కూడ లేని యా పొరకు ఇరువైపుల లోహపు పూత పూసి, వేడిగా నుండగా రెండు మూడు వేల వోల్టులు ప్రయోగించి, అట్లే చల్లార్చిన నన్నియు నొక దిక్కునకు దిరిగి నిలుచును. అపుడు రథము కదలును.

వేఱొక మార్గము గలదు. ప్లాస్టిక్కును ద్రావకమున కరగించి పలుచగా పోసి, సుమారు 60 డిగ్రీలలో నారనిచ్చిన, సాగదీయకయే బీటా అవస్థ చాలవఱకు వచ్చును. 100 డిగ్రీలు దాటించి యార్చిన ఆల్ఫాయే హెచ్చును. కాని నెమ్మదిగా నారిన పొర సన్నని రంధ్రములతో పాలవలె తెల్లనై, హెచ్చు వోల్టులకు తాళజాలదు. ఒక లాభమునకు ఒక నష్టము.

ఆల్ఫా పొర వ్యర్థమని తలపరాదు. ఆ ప్లాస్టిక్కు రంగుల పూతలకును, తీగల తొడుగులకును చక్కగా బనికివచ్చును. కాని గుండెచప్పుడును, ఊపిరి కదలికను, నీటిలోని ధ్వనిని గ్రహించు పరికరములకు బీటా పొర కావలెను. పొర కంటికి రెండు విధములను ఒకటిగానే తోచును. రోగి ఱొమ్ముపై బెట్టిన పొర సంస్కారహీనమైనచో గుండె కొట్టుకొనుచున్నను అది పలుకదు.

ఇంకొక జాగ్రత్త. ఈ యేకముఖత్వము శాశ్వతము గాదు. వేడిమి సుమారు 80 డిగ్రీలు దాటినకొలదిని గుంపులు చెదరి, శక్తి క్రమముగా తగ్గును. పొర చూపునకు మాత్రము యథాప్రకారమే యుండును. కావున నిట్టి పరికరములను పొయ్యిచెంతను, మండుటెండలో మూసియుంచిన వాహనములలోను ఉంచకుండుట మేలు. మన సీమ యెండ యెట్టిదో మీకు నేను చెప్పవలసిన పని లేదు.

ఒక వస్తువు మంచిదా చెడ్డదా యని యడుగుటకు ముందు, అది దేనితో జేయబడినదని మాత్రమే గాక, ఎట్లు జేయబడినదని కూడ నడుగవలెను. బెల్లపు బానకడ మన పెద్దలు వేయుచుండిన ప్రశ్న యిదియే.