పరుపులో దుమ్ము నల్లికి ఎండే మందు

వంగ, బెండలో ఎర్రనల్లి పొడి వాతావరణంలో పెరుగుతుంది కదా! పరుపులో ఉండే దుమ్ము నల్లి దానికి రివర్స్. గాలిలోని తేమను ఒంటితో పీల్చుకుని, మన ఒంటి నుంచి రాలే పొట్టు తిని బతుకుతుంది. అది కుట్టదు. కానీ దాని రెట్ట పడనివాళ్లకు తుమ్ములు, ఆయాసం వస్తాయి.

అందుకే మా రఘునాథపల్లిలో వాన తెరిపిచ్చి ఎండ కాసిందంటే పరుపులు, బొంతలు పొద్దంతా ఎండేస్తాను. మధ్యలో తిరగేసి, బయటే దులుపుతాను. నల్లి చచ్చినా రెట్ట పోదు కాబట్టి దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి. ఇల్లు తడిబట్టతో తుడవాలి.

వేపాకు పొగ మాత్రం వద్దు. ఆయాసం ఉన్న పిల్లలకు ఇంకా ఎక్కువైతది. డాక్టర్ ఇచ్చిన ఇన్‌హేలర్ ఆపొద్దు.