ఐరోపా సంఘ భవిష్యత్తు: ఎవరి చరిత్ర వారిది

27 రాజ్యములను, 24 అధికారభాషలను, సుమారు 45 కోట్ల జనులను తనలో నిముడ్చుకొన్న యూరోపియన్ యూనియన్, అనగా ఐరోపా సంఘము, రాజనీతిశాస్త్రమునందలి పాత విభాగములలో దేనికిని లొంగని నిర్మాణము. దానికి ప్రజలెన్నుకొనిన పార్లమెంటు గలదు, సభ్యదేశములు తలయొగ్గవలసిన న్యాయస్థానము గలదు, సభ్యులలో అధికసంఖ్యాకులు వాడుచున్న యూరో నాణెము గలదు. అయినను తనదైన సైన్యము లేదు, ప్రజలపై నేరుగా పన్ను విధించు అధికారము లేదు. మన దేశమున రాజ్యాంగపు 3వ అధికరణము ననుసరించి పార్లమెంటు రాష్ట్రముల సరిహద్దులను మార్పగలదు గాని రాష్ట్రము దేశమును వీడిపోజాలదు. అచ్చట సంఘము సభ్యదేశపు సరిహద్దును అంగుళమైనను కదల్పజాలదు గాని, సంధిలోని 50వ అధికరణము ననుసరించి ఏ సభ్యదేశమైనను తన యిచ్ఛ మేరకు వెడలిపోవచ్చును. ఇట్టి సంఘము రేపు ఏ రూపము దాల్చవలెనను ప్రశ్నకు బెర్లినునందొక సమాధానము, పారిసునందు మరియొకటి, వార్సానందు వేరొకటి వినవచ్చును. అవి సిద్ధాంతగ్రంథముల కంటె ఆయా జాతుల గతానుభవము నుండియే యెక్కువగా పుట్టినవి.

1950 మే 9వ తేదీన ఫ్రెంచి విదేశాంగమంత్రి రాబర్ట్ షూమన్, ఫ్రాన్సు, జర్మనీల బొగ్గు, ఉక్కు పరిశ్రమలను ఒకే ఉమ్మడి యధికారము క్రింద నుంచవలెనని ప్రతిపాదించెను. ఫిరంగులు పోతపోయుటకు కావలసిన సామగ్రియే ఉమ్మడిసొత్తైనచో ఒకరిపై నొకరు యుద్ధసన్నాహము చేయుట దుర్ఘటమగునని ఆయన తలంపు. ఆ ప్రతిపాదన 1951లో పారిస్ సంధిగా రూపొందగా, 1957 నాటి రోమ్ సంధి దానిని ఉమ్మడి విపణిగా విస్తరింపజేసినది. ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియము, నెదర్లాండ్సు, లక్సెంబర్గు అను ఆరు దేశములు చేవ్రాలు చేసినవి. ఐరోపా ప్రజలు నానాటికి సన్నిహితులు కావలెనను సంకల్పము రోమ్ సంధి పీఠికలో కలదే గాని, ఆ సాన్నిహిత్యము ఎచ్చట ముగియవలెనో చెప్పబడలేదు. ఆ మౌనము వలననే భిన్నాశయములు గలవారు ఒకే పత్రముపై సంతకము చేయగలిగిరి. నేటి వివాదములలో పెక్కింటికి ఆ మౌనమే మూలము.

రెండవ ప్రపంచయుద్ధమున ఓడి, రెండుగా చీలి, లోకనిందకు గురియైన జర్మనీకి సంఘము పోగొట్టుకొన్న గౌరవమును మరల సంపాదించుకొను మార్గమైనది. సార్వభౌమత్వమును ఇతరులతో పంచుకొనుట దానికి నష్టముగా దోపలేదు, ఏలయన ఆనాటికి దానియొద్ద మిగిలిన సార్వభౌమత్వమే స్వల్పము. కనుకనే 2000 సంవత్సరమున విదేశాంగమంత్రి యోష్కా ఫిషర్, బెర్లినులోని హుంబోల్ట్ విశ్వవిద్యాలయమున ప్రసంగించుచు, ఐరోపా తుదకొక సమాఖ్యగా పరిణమింపవలెనని వాదించెను. అయితే 2009లో జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానము, సంఘము సార్వభౌమ రాజ్యముల కూడికయే గాని సమాఖ్యరాజ్యము గాదనియు, ఆ మెట్టు నెక్కవలెనన్న జర్మన్ ప్రజలే క్రొత్తగా నిర్ణయింపవలెననియు తీర్పు చెప్పినది. ఇక ధనవిషయమున, 1923 నాటి ద్రవ్యోల్బణమును మరువని ఆ జాతి, పరుల అప్పులకు పూచీపడుటకు చిరకాలము సమ్మతింపలేదు.

ఫ్రాన్సు వైఖరి ఇంతకంటె విచిత్రము. ఐరోపాకు ఉమ్మడి సైన్యము కావలెనని 1950లో ప్రతిపాదించినది ఫ్రెంచి ప్రభుత్వమే. 1954 ఆగస్టులో దానిని త్రోసిపుచ్చినది ఫ్రెంచి శాసనసభయే. 1965లో అధ్యక్షుడు దెగోల్, వ్యవసాయనిధుల విషయమునను అధికసంఖ్యాకుల నిర్ణయపద్ధతి విషయమునను విభేదించి, తన ప్రతినిధులను మంత్రిమండలి సమావేశములనుండి మాసములతరబడి ఉపసంహరించెను. 1966 జనవరిలో లక్సెంబర్గున కుదిరిన రాజీ, తనకు ప్రాణప్రదమైన విషయమున ఏ దేశమైనను ఇతరుల నిర్ణయమును అడ్డగింపవచ్చునను ఆచారమునకు పునాది వేసినది. మాజీ అధ్యక్షుడు జిస్కార్ దెస్తాంగ్ అధ్యక్షతన రూపొందిన ఐరోపా రాజ్యాంగమును 2005 మే మాసమున, ఓటు వేసిన ఫ్రెంచివారిలోనే నూటికి దాదాపు 55 మంది నిరాకరించిరి. 2017లో అధ్యక్షుడు మాక్రోన్ సోర్బాన్ విశ్వవిద్యాలయమున ఐరోపా సార్వభౌమత్వమును గూర్చి చేసిన ప్రసంగమును గూడ ఈ పరంపరలోనే చదువవలెను: ఐరోపా బలముగా నుండవలెను, దాని చుక్కాని మాత్రము ప్రభుత్వముల చేత, వీలైనచో పారిసు చేత, ఉండవలెను.

చిన్న దేశములన్నియు బలమైన కేంద్రమునకు వెరచునని తోచుట సహజమే గాని, వాస్తవము వేరు. రెండు ప్రపంచయుద్ధములలోను పొరుగువాని సేనల పదఘట్టనకు లోనైన బెల్జియము, లక్సెంబర్గులకు బ్రస్సెల్సు నందలి సంఘ కార్యనిర్వాహకశాఖయైన కమిషను రక్షాకవచము. కేంద్రము బలహీనమైనకొలది పెద్దవారు తమలో తాము మాటాడుకొని పనులు చక్కబెట్టుకొందురని వాని భయము. డెన్మార్కు గూడ చిన్నదే; అయినను అది 1992లో, ఉమ్మడి విపణిని యూనియనుగా మార్చిన మాస్ట్రిక్ట్ సంధిని నిరాకరించి, యూరో, రక్షణ మున్నగు విషయములలో మినహాయింపులు పొందిన పిమ్మటనే అంగీకరించినది. ఆ రెండు యుద్ధములలోను శత్రుసేన కాలుమోపని బ్రిటన్ దీవికి సంఘము ప్రధానముగా వ్యాపారవిషయము. ఖర్చు లాభమును మించెనని తోచగానే, 2016లో నూటికి 51.9 ఓట్లతో అది బంధమును త్రెంచుకొన నిశ్చయించినది.

1795 నుండి 1918 వరకు పటముమీద లేని, 1939లో మరల విభక్తమైన, పిదప నాలుగు దశాబ్దములు మాస్కో నీడన గడిపిన పోలండు, 1989లో చేజిక్కిన స్వాతంత్ర్యమును పదునైదేండ్లకే బ్రస్సెల్సుతో పంచుకొనవలసివచ్చినది. 2023లో ప్రధాని మొరావియెత్స్కీ హైడెల్బర్గున కేంద్రీకరణమును ఖండించి జాతిరాజ్యమును సమర్థించుటకు ఇదియే హేతువు. హంగరీ ప్రధానిగా విక్టర్ ఓర్బాన్ ఇదే వాదమును మరింత తీవ్రముగా వినిపించెను. అయినను 2003లో ఓటు వేసిన పోలండు ప్రజలలో నూటికి 77 మంది చేరికనే కోరిరి. రష్యాకు పొరుగున నున్న జాతికి సంఘము బంధనమే గాక శరణ్యము గూడ.

ఈ భేదములన్నియు నేడొక్క ప్రశ్నయందు ముడివడియున్నవి: నిర్ణయము ఏకగ్రీవముగా జరుగవలెనా, అధికసంఖ్యాకుల మతమున జరుగవలెనా? పెక్కు విషయములలో, సంఘ జనాభాలో నూటికి 65 వంతులకు ప్రాతినిధ్యము వహించు 15 దేశములు అంగీకరించిన చాలును; విదేశాంగనీతి, పన్నులు మాత్రము ఒక్క దేశము వలదన్నను నిలిచిపోవును. ఉక్రెయిను మున్నగునవి చేరి సభ్యసంఖ్య 30 దాటినచో పని సాగదు గనుక వీటోను క్రమముగా విడువవలెనని 2022 ఆగస్టులో జర్మన్ ఛాన్సలర్ షోల్జ్ ప్రేగ్ నగరమున వాదించెను. కాని ఆ మే మాసముననే స్వీడన్, పోలండు మున్నగు 13 దేశములు సంధులను తొందరపడి మార్చుటకు విముఖత తెలిపియుండెను. జనాభాబలము గల జర్మనీ, ఫ్రాన్సులకు వీటో పోయినను నష్టము స్వల్పము. అరకోటి జనులు గల దేశమునకు అది కడపటి ఆయుధము.

ఇన్ని భేదముల నడుమ సంఘమును నడిపించినవి ప్రసంగములకంటె ప్రమాదములే. యూరో సంక్షోభ కాలమున ఉమ్మడి ఋణమునకు ససేమిరా యన్న జర్మనీ, 2020లో కోవిడ్ మహమ్మారి ఇటలీ, స్పెయినులను క్రుంగదీయగా, ఫ్రాన్సుతో కలిసి తానే దానిని ప్రతిపాదించినది. ఆస్ట్రియా, డెన్మార్కు, నెదర్లాండ్సు, స్వీడన్ దేశములు ఉచితసహాయపు భాగమును 50,000 కోట్ల యూరోలనుండి 39,000 కోట్లకు తగ్గింపజేసి, తుదకు 75,000 కోట్ల నిధికి ఒప్పుకొన్నవి. రష్యా ఉక్రెయినుపై దండెత్తిన 2022లో డెన్మార్కు ప్రజలు తమ రక్షణ మినహాయింపును మూడింట రెండు వంతుల ఓటుతో విడిచిరి. అయితే ఈ పద్ధతికి మూల్యము గలదు: ఆపత్కాలమున నాయకులు రాత్రింబగళ్లు కూర్చుండి కుదుర్చుకొనినదానిని ప్రజలు శాంతికాలమున పరీక్షింతురు, 2005లో ఫ్రాన్సు, నెదర్లాండ్సులును, 2016లో బ్రిటనును ప్రభుత్వములు కుదుర్చుకొన్న మాటను ఓటుతో త్రోసివేసినవి. భిన్నమతములు కలిగియుండుట వలన ఐరోపా చెడలేదు. ప్రజల సమ్మతిని కార్యమునకు ముందు కాక తరువాత కోరుట వలననే అది పలుమారు దెబ్బతిన్నది. సభ్యత్వమునకై ఉక్రెయిను వేచియున్న ఈ దినములలో, సమాఖ్యవాదులకును జాతిరాజ్యవాదులకును సమానముగా వర్తించు పాఠమిదియే.