కంపెనీ మార్చకుండా ఇంటర్నెట్ బిల్లు తగ్గించుకొనుట ఎట్లు?



సంఘములో పాలు పోయగానే మనము చీటీ చూచుకుంటాము. కొలత ఎంత, వెన్న శాతము ఎంత, ఎస్.ఎన్.ఎఫ్. ఎంత అని అడుగుతాము. ఒక పాయింటు తగ్గినా కార్యదర్శిని నిలదీస్తాము. అది మన హక్కు. కాని అదే పాల డబ్బులోనుంచి నెలనెలా కట్టే ఇంటర్నెట్ బిల్లును మాత్రము మనలో చాలామందిమి చదవకుండానే కట్టివేస్తున్నాము.

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారా ఇంటర్నెట్, టీవీ, టెలిఫోను మూడూ కలిపి నెలకు 149 రూపాయల ధరతో మొదలుపెట్టారు. ఆ ప్రారంభ ధర తరువాత మారినది. బి.ఎస్.ఎన్.ఎల్., ప్రైవేటు కంపెనీల తీగలు కూడా మన ప్రాంతానికి వచ్చినవి. అయినా ఊరికి ఒకే తీగ ఉన్నచోట "వేరే కంపెనీకి పొండి" అనే సలహా పనికిరాదు. కాబట్టి ఉన్న కంపెనీతోనే బిల్లు తగ్గించుకొనే మార్గములను ఇక్కడ వివరిస్తున్నాము.

1. ముందు బిల్లు చదవండి

బిల్లులో ప్లాను ధర వేరు, దాని మీద 18 శాతము జి.ఎస్.టి. వేరు. ఇవిగాక రూటరు అద్దె, సినిమాల ప్యాకేజీ, ఆలస్య రుసుము వంటివి ఉన్నవేమో చూడండి. చూడని సినిమాల ప్యాకేజీకి సొమ్ము కట్టడము ఎందుకు? మొదటి కొద్ది నెలలకే తక్కువ ధర ఇచ్చి, ఆ తరువాత పెంచే పద్ధతి కూడా ఉన్నది. నిరుటి బిల్లును, ఈ నెల బిల్లును పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది.

2. మన ఇంటికి ఎంత వేగము కావాలి?

టీవీలో స్పష్టమైన బొమ్మతో ఒక సినిమా చూడటానికి సుమారు 5 ఎంబీపీఎస్ వేగము చాలును. రెండు ఫోన్లలో వీడియోలకు మరొక 5 లేక 6, పిల్లవాని ఆన్‌లైను పాఠమునకు 3 వేసుకొన్నా మొత్తము 15 దాటదు. అటువంటి ఇంటికి 30 లేక 40 ఎంబీపీఎస్ ప్లాను ధారాళముగా సరిపోతుంది. 100 ఎంబీపీఎస్ తీసుకొనుట ఒక పాడిగేదె ఉన్న ఇంటికి పది గేదెల దాణా కొనుట వంటిది.

ఉదాహరణకు 599 రూపాయల ప్లాను పన్నుతో కలిపి 706.82 అవుతుంది. 399 రూపాయల ప్లాను 470.82 అవుతుంది. నెలకు తేడా 236 రూపాయలు. ఏడాదికి 2,832 రూపాయలు.

3. నెట్ నెమ్మదిగా వస్తే ప్లాను పెంచకండి

చాలా సందర్భములలో లోపము ప్లానులో ఉండదు, రూటరు పెట్టిన చోట ఉంటుంది. ఇనుప బీరువా వెనుక, అటక మీద, మూల గదిలో పెట్టిన రూటరు సిగ్నలు గోడలు దాటేసరికి తగ్గిపోతుంది. దానిని ఇంటి మధ్య, ఎత్తున, ఖాళీగా ఉన్నచోట పెట్టండి. తరువాత దాని పక్కనే నిలబడి వేగము పరీక్షించండి. అక్కడ బాగుండి పడకగదిలో తగ్గితే, ఎంత పెద్ద ప్లాను తీసుకొన్నా పడకగదిలో ఆ కష్టము తీరదు. పక్కనే ఉన్నా వేగము రాకపోతే తప్పు కంపెనీది. ఫిర్యాదు చేయండి.

4. అడగండి

గడువు ముగియడానికి వారము ముందు ఆపరేటరును గాని, కంపెనీ కార్యాలయమును గాని అడగండి: "ఇప్పుడు కొత్తవారికి ఇస్తున్న ధర మాకు ఇస్తారా? ఇంతకంటె చిన్న ప్లాను ఉన్నదా? ఆరు నెలలకు ఒకేసారి కడితే ఎంత తగ్గుతుంది?" ముందుగా కట్టదలచినవారు మధ్యలో కనెక్షను తీసివేస్తే మిగిలిన సొమ్ము తిరిగి వచ్చునో లేదో తెలుసుకొని, రసీదు తీసుకొని మరీ కట్టవలెను.

5. వాడని రోజులకు కట్టవద్దు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతములో తీరము దాటినప్పుడు స్తంభాలు కూలి, ఎన్నో ఊళ్లు చీకటిలో ఉన్నవి. అటువంటప్పుడు స్తంభాల మీది నెట్ తీగ కూడా నిలువదు. మరమ్మతు ఆలస్యమైతే అద్దెలో తగ్గింపు ఇవ్వాలనే సూత్రమును ట్రాయ్ 2006లోనే నిబంధనలలో చేర్చినది. కొత్త నాణ్యతా నిబంధనలు 2024 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చినవి. నెట్ ఆగిన రోజే ఫిర్యాదు చేసి, నంబరు రాసిపెట్టుకోండి. ఆ నంబరు లేకపోతే తగ్గింపు అడగడము కష్టము. హైదరాబాదుకో, చెన్నైకో పనులకు నెలల తరబడి వెళ్లే కుటుంబములు కనెక్షనును తాత్కాలికముగా ఆపి ఉంచే వీలున్నదేమో వెళ్లేముందే అడగవలెను.

6. ఫోన్ల రీఛార్జి కూడా లెక్కలోనిదే

ఇంట్లో నెట్ పెట్టుకొని, రోజంతా ఇంటి వద్దనే ఉండేవారి ఫోన్లకు కూడా పెద్ద డేటా ప్యాకు వేయడము రెండుసార్లు కట్టినట్లే. మాటలకు, ఎస్.ఎం.ఎస్.లకు మాత్రమే పనికివచ్చే ప్యాకులు తప్పక ఉంచాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించినది. ఇంటిలోని పెద్దవారి బటను ఫోనుకు అది చాలును.

పని జరగకపోతే

ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. పరిష్కారము కాకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయండి. అప్పటికీ కాకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషనుకు కూడా వెళ్లవచ్చును.

ఒక్క హెచ్చరిక. "మీ బిల్లు సగము చేస్తాము, ఓటీపీ చెప్పండి" అని ఫోను చేసేవారిని నమ్మవద్దు. పాల డబ్బు పడే ఖాతాయే ఖాళీ కాగలదు. మోసపోతే ఆలస్యము చేయక 1930కు తెలపండి.

వచ్చే సంఘ సమావేశమునకు సభ్యులు తమ బిల్లులు వెంట తెచ్చుకోవలసినదిగా కోరుతున్నాము. చదువు రానివారికి కార్యదర్శిగాని, చదువుకొనే పిల్లలుగాని చదివి వినిపించండి. ఒకే ఊరిలో, ఒకే ప్లానుకు, ఎవరు ఎంత కడుతున్నారో అక్కడే తేలిపోతుంది.